గుటకంత గడువు

మొదట్లో అశ్వర్థశెట్టి చేతిలో ఉన్నవి మూడు. అద్దెకు తీసుకున్న ఒక గోదాము, తనదైన ఒక నోరు, పక్కన ఒక నంజుండప్ప.

హిందూపురం చింతపండు మార్కెట్లో ఈ మూడూ ఉన్నవాడికి నాలుగోది అక్కర్లేదని ఆయన లెక్క. నంజుండప్ప నాలుక మీద చిటికెడు పండు పెడితే చాలు, అది ఏ కొండవైపు చెట్టుదో, పోయినేటి పాతపండు ఎంత కలిసిందో చెప్పేస్తాడు. కానీ ధర చెప్పమంటే మాత్రం నోరు పెగలదు, కొత్త పెళ్లికొడుకులా నేల చూపులు చూస్తాడు. శెట్టికేమో పులుపులో రకాలు పెద్దగా తెలియవు గానీ, ధర చెప్పడంలో ఆయనకు సాటి వచ్చేవాడు మడకశిర నుంచి చిక్కబళ్లాపురం దాకా లేడు. నాలుక ఒకరిది, నోరు ఇంకొకరిది. రెండూ ఇరవై రెండేళ్లుగా ఒకే తక్కెడ కింద కాపురం చేస్తున్నాయి.

వాళ్ల గోదాముల వరసలో ఒక పద్ధతి ఉంది. కొనేవాడు పండు నోట్లో వేసుకున్నాక, గుటక వేసేదాకా ఇవతలివాడు ధర ఎత్తకూడదు, అవతలివాడు అడగకూడదు. పుల్లటి పండు తగిలితే నోరూరక మానదు, ఊరితే మింగక తప్పదు. ఆ కాసేపట్లో అమ్మేవాడు కొనేవాడి మొహం చదువుకుంటాడు, కొనేవాడు తన మొహం సర్దుకుంటాడు. నోటిదాకా వచ్చిన పిచ్చి మాటలన్నీ ఆ గుటకతోపాటు లోపలికి పోతాయి. మిగిలిన మాటే బేరం.

ఆ గుటకను కాస్తా చెవితీగ మింగేసింది.

చెవితీగ అంటే చెవి వెనక అతికించుకునే చిన్న బిళ్ల. మనిషి మాట పైకి అనకముందే, అనాలని లోపల కూర్చుకునేటప్పుడే గొంతులో కండరాలు సన్నగా కదులుతాయట. ఆ కదలికను పట్టి, మాటగా మార్చి, జత కలిపిన అవతలి బిళ్లకు అందిస్తుంది. పెదవి కదపనక్కర్లేదు. లారీల మోతలో, హమాలీల కేకల్లో, కొనేవాడి ఎదురుగానే నిలబడి వాడికి తెలియకుండా మాట్లాడుకోవచ్చు. మొదటి సీజనంతా ఇద్దరూ చెలరేగిపోయారు. సేలం వ్యాపారి పండు నలిపి చూస్తూ పెదవి విరిస్తే, మూల కూర్చున్న నంజుండప్ప మాట శెట్టి చెవిలో పడేది: ‘నాటకం. పండు బాగుందని వానికి తెలుసు. దిగొద్దు.’ శెట్టి దిగేవాడు కాదు.

ఒక్కటే ఇబ్బంది. బిళ్ల నంజుండప్ప ఒంటికి పడలేదు. ఎప్పుడు చూసినా చూపుడువేలు చెవి వెనకే ఉండేది. శెట్టి జాలిపడి దురద మందు తెచ్చిచ్చాడు. తగ్గకపోతే ఇంకోటి, అలా నాలుగు ట్యూబులు తెచ్చిచ్చాడు.

ఇంట్లో శెట్టి భార్య అలివేలమ్మ బిళ్ల పెట్టుకున్నది మూడు రోజులే. మొగుడు సాంబారు కలుపుకుంటూ లోపల ఏమనుకున్నాడో విన్న పూట దాన్ని ఊడదీసి, వంటింటి మేకుకు తగిలించింది.

“నువ్వు అనే మాటలు వినేదానికే నాకు పొద్దు చాల్లేదు. అనని మాటలు కూడా నేనేంటికి వినాల?” అంది.

శెట్టి నవ్వి ఊరుకున్నాడు. అదే మొదటి నష్టమని అప్పుడాయన లెక్కకు రాలేదు.

పెద్ద నష్టం రెండో సీజనులో వచ్చింది. ఆ రోజు కొత్త వ్యాపారి ఒకాయన తొందర మీద ఉన్నాడు. నంజుండప్పకు ఒక కథ ఉంది. వయసులో ఉన్నప్పుడు పండు రుచి చూసి, ఆ చెట్టు పక్కన బావి ఉందని చెప్పాడట, జనం వెళ్లి చూస్తే నిజంగానే బావి ఉందట. మార్కెట్లో దూడలక్కూడా ఆ కథ తెలుసు. కొత్తాయన కనపడేసరికి నంజుండప్ప తీరుబడిగా కథ మొదలుపెట్టాడు. వ్యాపారి గడియారం చూసుకుంటున్నాడు. బేరం చెయ్యి జారిపోతోంది. శెట్టికి లోపల ఒక మాట తోచింది: ‘ఈ మనిషిని వదిలించుకున్న రోజు గాని నేను బాగుపడను.’

అనలేదు. అనుకున్నాడు, అంతే. చెవితీగకు ఆ తేడా తెలియదు. మాట పూర్తిగా పుట్టిందో లేదో, గింజ తీసి పళ్లెంలో పెట్టినట్టు శుభ్రంగా తీసుకెళ్లి నంజుండప్ప చెవిలో పెట్టింది.

నంజుండప్ప కథ బావి దగ్గర ఆగిపోయింది. ఆయన బిళ్ల తీసి, తువాలుతో తుడిచి, తక్కెడ పళ్లెంలో పెట్టాడు.

“సీజను అయిపోతానే నా దోవ నాది శెట్టీ.”

శెట్టి నచ్చజెప్పని తీరు లేదు. నోటితో అన్నానా, మనసులో వంద వస్తాయి, అవన్నీ మనవేనా అన్నాడు. నంజుండప్ప అంతా విని, ఒక్కటే అడిగాడు.

“నోటితో అనింటే కోపంలో అన్యాడులే అనుకుందును. అనుకున్న మాటను ఏమనుకోవాల నేను?”

ఒక మాటకు ధర చెప్పలేక నిలబడటం శెట్టికి అదే మొదలు.

సీజను ఇంకా నెల పైన ఉంది. ఆయన కూర్చుని లెక్క తీశాడు. ఆ మాట తనకు ఆ రోజే కొత్తగా తోచిందా? లేదు. బావి కథ విన్న ప్రతిసారీ తోచింది. ప్రతిసారీ మింగాడు. ఇరవై రెండేళ్లు నిలిచిన పొత్తు ఇప్పుడు తెగిందంటే, మాట మారలేదు, మనిషి మారలేదు, మధ్యలో గుటక పోయింది. పోయినదాన్ని తెచ్చి పెడితే సరి. మార్కెట్లో ఏ సరుకైనా తిరిగి దొరుకుతుంది, అడిగేవాడు అడిగితే.

బిళ్ల అమ్మిన కొట్టుకు వెళ్లాడు. కొట్టువాడు చేతులెత్తేశాడు. మేము అమ్మేది బిళ్ల ఒక్కటే, లోపల నడిచే చెవితీగ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్సు, దానికి ఓనరు లేడు, లోకంలో ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్పు అడగొచ్చు, పెద్దలు ఇద్దరు ఒప్పుకుంటే అందరికీ మారుతుంది, అని చెప్పాడు. ధర ఎంతని శెట్టి అడిగాడు. ఊరికేనన్నాడు వాడు. ఓనరు లేని సరుకు, ధర లేని సరుకు. ఇక బేరం ఎవరితో ఆడాలి?

అయినా ఆడాడు. ఫోనులో ఆ ప్రాజెక్టు పేజీ తెరిపించుకుని, మార్పులు అడిగే చోట తెలుగులోనే రాయించాడు: మాట పుట్టిన ఇరవై సెకన్ల దాకా అవతలికి పోకుండా పట్టి ఉంచాలి, ఈలోగా మనిషి గుటక వేస్తే ఆ మాటను పారేయాలి.

ఆయనకు ఇరవై సెకన్లు అక్కర్లేదు. ఇరవై అడిగితే అవతలివాళ్లు రెండంటారు, మధ్యలో ఎక్కడో తెగుతుంది. బేరం మొదలుపెట్టే తీరు అది. పుట్టినప్పటి నుంచి ఆయనకు ఇంకో తీరు తెలియదు.

అవతలివాళ్లకు ఆ తీరు తెలియదు. ఇరవై అంటే ఇరవయ్యే అనుకున్నారు. మర్నాటికి జవాబు వచ్చింది. ‘చెవితీగ ఆలస్యాన్ని సున్నాకు తేవడానికే ఈ ప్రాజెక్టు పుట్టింది. తిరస్కరించడమైనది.’ కింద సంతకం, బండారి స్వరూప, వరంగల్లు.

శెట్టికి ప్రాణం లేచొచ్చింది. కొనేవాడు విసురుగా లేచి నాలుగడుగులు వేశాడంటే సరుకు నచ్చిందన్నమాట. వెనక్కి పిలుస్తాడేమోనని చూస్తూ నడుస్తాడు. తొందరపడి పిలిచినవాడు చెడతాడు. అందుకని శెట్టి ఊరుకున్నాడు. వారం గడిచింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. మరీ బిగువైన మనిషిలా ఉందే అనుకుని, ఒక మెట్టు దిగి పదిహేను సెకన్లని కొత్తగా రాయించాడు. తిరస్కరించడమైనది. పన్నెండన్నాడు. తిరస్కరించడమైనది. పది అన్న రోజు ఆ పేజీలో ఎక్కడెక్కడి వాళ్లో చేరి, ఇతను మనల్ని ఆటపట్టిస్తున్నాడా లేక మనిషి కాదా అని చర్చ పెట్టారు. అలివేలమ్మకు చూపిస్తే, మనిషే గానీ పెళ్లిచూపుల్లో కూడా ఇట్లే చేశాడని రాయమంది.

ఆ సాయంత్రం, పేజీలో రాయించిన నంబరుకు ఫోను వచ్చింది. ఆడగొంతు.

“స్వరూపను మాట్లాడుతున్న, వరంగల్లు నుంచి. అన్నా, నీకు అసలు ఎన్ని సెకన్లు గావాలె?”

“నువ్వెన్ని ఇస్తావమ్మా?”

“ఇచ్చుడు తీసుకునుడు లేదన్నా ఈడ. ఎన్ని గావాల్నో, ఎందుకు గావాల్నో చెప్తే పరీక్ష పెట్టి చూస్తం. గంతే.”

ఆఖరి మాట మొదటే చెప్పడమంటే నడిబజార్లో పంచె విప్పడమే శెట్టి లెక్కలో. కానీ నంజుండప్ప అప్పటికే గోదాములో తన పీట పక్కకు జరుపుకుని కూర్చుంటున్నాడు. సీజను ఇంకా మూడు వారాలే మిగిలింది.

“ఒక గుటకమ్మా,” అన్నాడు. “అంతకంటే ఒక్క రవ్వ వద్దు.”

గుటక అంటే ఎన్ని సెకన్లని ఆమె అడిగింది. తెలియదన్నాడు. తెలియనిదాన్ని కోడులో ఎట్లా రాయాలని అడిగింది. మచ్చు పంపిస్తానన్నాడు. ఆమెకు అర్థమయ్యేలోపే ఫోను పెట్టేసి, శ్రేష్టమైన పండు ఒక బుట్ట కట్టించి వరంగల్లుకు పార్సిల్ వేశాడు.

ఆ తర్వాత జరిగింది స్వరూపే మళ్లీ ఫోను చేసి చెప్పింది. ఇంటి మేడ మీద గదిలో ఆమె పరికరాలన్నీ ఉంటాయి. పదకొండేళ్లుగా ఆమె చేసిందల్లా ఆ గదిలో కూర్చుని చెవితీగ ఆలస్యాన్ని చెక్కి చెక్కి తగ్గించడం. కనురెప్ప పాటులో వందో వంతుకు తెచ్చిన రోజు దేశదేశాల నుంచి పొగిడారు. అలాంటి మనిషికి ఆలస్యం కలపమని అడగడమంటే, గుండు గీసినవాడిని జుట్టు అతికించమన్నట్టు ఉంది. పార్సిల్ చూసి ముందు ఒళ్లు మండిందట. మంట చల్లారాక చిటికెడు తుంచి నోట్లో వేసుకుందట. నోరూరింది. గొంతుకు పరికరం తగిలించుకునే ఉంది కాబట్టి, మింగబోయేముందు గొంతు ఎలా బిగుసుకుందో తెర మీద గీతలా కనపడింది. మింగడాన్ని బిళ్ల ఇంత స్పష్టంగా పసిగట్టగలదని ఆమెకు అప్పటిదాకా తట్టలేదు. అయితే అది ఆమె గుటక, ఒంటరి గుటక. ఎదురుగా ఇంకో మనిషి ఉన్నప్పుడు, కోపమో విసుగో ఉన్నప్పుడు ఎంతసేపు పడుతుందో ఆ గదిలో తేలదు.

“మా అక్క కరీంనగర్‌ల ఉంటది,” అని ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. “నేను చేసిన తీగనే. దాంట్ల ఒక మాట పోయింది. నాలుగు నెలలాయె, మాటల్లేవు.”

ఆ మాటేమిటని శెట్టి అడగలేదు. తన సరుకుకు నిజంగా అక్కర ఉన్న మనిషి ఎదురైనప్పుడు ధర పెంచడం ఆయన అలవాటు. ఆ పూట మాత్రం పెంచలేదు.

పరీక్షకు ఇద్దరు కావాలి, జత కలిసిన బిళ్లలు కావాలి. నంజుండప్పను ఒప్పించడం ఎలా? శెట్టి మూడు ఉపాయాలు అల్లి, మూడూ పనికిరావని తీసేసి, చివరికి సూటిగా వెళ్లి, ఆఖరి లాటు పండు వచ్చిందప్పా, గోదాము రెండు చివర్లా చూడాలి, బిళ్ల పెట్టుకో, వరంగల్లు నుంచి ఒకామె తీగ ఎట్లా నడుస్తుందో చూస్తుందట, అన్నాడు. పని పనే కాబట్టి నంజుండప్ప ఒప్పుకున్నాడు. మొహం మాత్రం గోడవైపు తిప్పే ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం ఎండ రేకుల మీద మండుతోంది. నంజుండప్ప ఆ చివర పండు కుప్ప దగ్గర, శెట్టి ఈ చివర తక్కెడ దగ్గర. ఫోను తక్కెడ పక్కనే, స్పీకరు పెట్టి. స్వరూప తన గదిలో తెర ముందు. మార్పు చేయని పాత తీగ ఎలా ఉందో ముందు చూడాలని ఆమె అంది. అంటే, మళ్లీ ఏమి తోచినా సూటిగా పోతుంది. ఆయన కళ్లు మూసుకుని, మనసులో చింతపండు, చింతపండు, చింతపండు అనుకుంటూ నిలబడ్డాడు.

‘ఏమప్పా, చింతపండు గోదాములో చింతపండు ఉందని నాకు చెప్పాల్నా?’ చెవిలో నంజుండప్ప మాట పడింది.

‘లాటు ఎట్లుందో చెప్పు.’

‘కొండ పండు. తడి ఉంది. ఎండబెట్టాల.’

‘తడి ఏంటికి వచ్చింది? నిన్ననే చూసినావు కదా.’

అనుకున్నాక శెట్టి నాలుక కరుచుకున్నాడు. అది నింద. పోయింది. అవతలి నుంచి జవాబు రాలేదు, కాసేపు. తర్వాత శాంతంగా వచ్చింది: ‘రాత్రి వానజల్లు పడింది. రేకు సందులో నుంచి కారింది.’

ఇలా పది మాటలు నడిచాయి. ఫోనులో స్వరూప గొంతు సవరించుకుంది.

“అన్నా, ఆ దిక్కు బిళ్ల ఖరాబైనట్టుంది. మీరు ఏదన్న కటువుగ అన్నప్పుడల్లా అవతలి తీగ తెగుతున్నది. రెండు సెకన్లు, రెండున్నర. మల్ల అతుక్కుంటున్నది. ప్రతిసారి గంతే.”

“కటువుగా అన్నప్పుడేనా?”

“అప్పుడే. మంచి మాట అన్నప్పుడు ఒక్కసారి గూడ తెగలే.”

శెట్టి తలెత్తి చూశాడు. గోదాము ఆ చివర నంజుండప్ప కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతిలో పండు. కుడి చూపుడువేలు చెవి వెనక.

దురద కాదు.

తీగ వచ్చిన మొదటి రోజు నుంచీ ఆ వేలు అక్కడే ఉంది. బిళ్ల మీద వేలు అదిమితే మాట పోదని నంజుండప్ప ఎప్పుడు కనుక్కున్నాడో ఏమో. పనికొచ్చే మాట వస్తే వేలు తీసేవాడు. పనికిరాని మాట తోస్తే వేలు పెట్టి, మింగి, తర్వాత తీసేవాడు. రెండు సీజన్లుగా శెట్టి చెవిలో పడ్డ ప్రతి చల్లని మాట వెనకా ఒక వేలు ఉంది.

శెట్టి నడుచుకుంటూ ఆ చివరికి వెళ్లాడు. ఇరవై రెండేళ్లలో ఆ గోదాములో ఆయన అంత నెమ్మదిగా నడిచింది లేదు. బిళ్ల తీసి జేబులో వేసుకుని, ఎదురుగా గోనె మీద కూర్చున్నాడు.

“దురద ఎప్పటినుంచి తగ్గింది నంజుండా?”

నంజుండప్ప వేలు దించాడు. దొరికిపోయిన మొహం పెట్టాడు.

“నువ్వు తెచ్చిచ్చిన మందు ఇంట్లో నాలుగు ట్యూబులుండాయి. మూత కూడా తీయలా.”

“వేలు పెట్టి ఏమనుకుంటాంటివి?”

“చెప్పేదైతే వేలేంటికి పెడతా?”

శెట్టి నవ్వబోయి, నవ్వలేకపోయాడు. “నాకు వేలు పెట్టాలని తోచలేదప్పా.”

“నీకు నోరుండాది. నోరున్నోనికి వేలు గుర్తుకురాదు.”

బయట లారీ ఒకటి వెనక్కి వస్తూ అరుస్తోంది. అది ఆగాక శెట్టి, జీవితంలో రెండోసారి, ఆఖరి మాట మొదటే చెప్పాడు.

“ఆ రోజు నువ్వు విన్న మాట నేను ఒక్క రోజు అనుకున్నది కాదు. నీ బావి కథ విన్నప్పుడల్లా అనుకున్నా. ఎన్ని వందల సార్లో. అన్నిసార్లూ మింగినా. మింగినవి నీకు తెలియవు, మింగలేనిది ఒకటే తెలిసింది. దాన్నొక్కదాన్నే తూకం వేస్తే ఎట్లప్పా?”

నంజుండప్ప చేతిలోని పండులో నుంచి చిటికెడు తుంచి శెట్టికి ఇచ్చాడు, చిటికెడు తాను వేసుకున్నాడు. ఇద్దరికీ నోరూరింది. ఇద్దరూ మింగేదాకా, పద్ధతి ప్రకారం, ఎవరూ మాట ఎత్తలేదు.

“బావి నిజంగానే ఉండాది శెట్టీ,” అన్నాడు నంజుండప్ప.

“ఉందిలే.”

“నీళ్లు కూడా ఉండె.”

“ఉంటాయిలే అప్పా.”

తక్కెడ పక్కన ఫోనులో నుంచి స్వరూప గొంతు, అన్నా ఉన్నారా, మాటలు సగం సగం వినపడుతున్నయి, కొత్త తీగ పరీక్ష చెయ్యాలెనా వద్దా అని అడుగుతోంది. గుటక మార్పు సంగతి, ఆమె లెక్కగట్టిన రెండున్నర సంగతి శెట్టి చెప్పగానే నంజుండప్ప లేచి వెళ్లి, ఫోనులోకి వంగి, ఎవరికో దండం పెడుతున్నంత మర్యాదగా, రెండున్నర చాలమ్మా, నేను వేలుతో చూసిందే, అని చెప్పాడు.

రెండున్నర సెకన్లకే చెవితీగలో మార్పు వచ్చింది. మాటను అంతసేపు పట్టి ఉంచుతుంది. ఈలోగా గుటక పడితే పారేస్తుంది. ఒప్పుకోవాల్సిన రెండో పెద్దమనిషి ఏదో చలిదేశంలో ఉంటాడట. రెండో మూడో పెట్టక రెండున్నర ఏమిటి, ఈ అంకెకు ఆధారమేమిటి అని అడిగాడు. హిందూపురంలో నంజుండప్ప అనే ఆయన చూపుడువేలు అని స్వరూప రాసింది. ఆయన ఇంకేమీ అడగలేదు. ఆయనకూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. శెట్టి ఊరుకోలేక దాన్ని మూడుకు పెంచమని, అందరికీ మొదటి నుంచే అమర్చి ఇమ్మని బేరం పెట్టాడు. కావలసినవాళ్లు పెట్టుకుంటారు, రెండున్నరే, అని వరంగల్లు కదల్లేదు. ఆ మార్పు పేరు ‘గుటక’ అని ఉండాలన్న ఒక్క మాట మాత్రం నెగ్గింది. కరీంనగర్ నుంచి ఎవరో ఫోను చేశారని, మొదటి మాటలో సగం గుటకలే అని, ఆ తర్వాత స్వరూప ఒకసారి చెప్పింది.

సీజను అయిపోయిన రోజు నంజుండప్ప గోదాములోనే ఉన్నాడు. వచ్చే ఏటి పండు సంగతి మాట్లాడాడు. పీటను ఎప్పుడు వెనక్కి జరుపుకున్నాడో శెట్టి చూడలేదు. సాయంత్రం ఎవరో కొత్త వ్యాపారి వచ్చి కూర్చుంటే, ఆయన గొంతు సవరించుకుని, నేను వయసులో ఉన్నప్పుడు అని మొదలుపెట్టాడు. శెట్టి ఒక గుటక వేశాడు.

అలివేలమ్మ బిళ్ల ఇంకా మేకుకే ఉంది. దాన్ని ఆయన రానిబాకీ కింద వదిలేశాడు. మిగతా లెక్క తేలింది. మొదట్లో చేతిలో ఉన్నవి, గోదాము, నోరు, నంజుండప్ప. ఆఖరున చేతిలో ఉన్నవి, గోదాము, నోరు, నంజుండప్ప. ఖర్చు, నాలుగు ట్యూబుల దురద మందు, ఒక బుట్ట మేలిరకం పండు. లాభం, రెండున్నర సెకన్లు.